లూకా నోటికి లొంగని దురద

లూకా గెలిచిన తగువులు నేను చాలా చూసినాను గానీ, కుళాయి దగ్గర మోహనకృష్ణని ఓడించిన తగువు గురించి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో, మా న్యూ సెటిల్‌మెంట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మోహనకృష్ణ మా క్వార్టర్ల లైనుకి కమిటీ సెక్రటరీ. ఆఫీసులో గుమాస్తా, లైనులో గవర్నరు. ఆ రోజు పొద్దున్న నీళ్లొచ్చే వేళకి, మేమందరం బిందెలు వరసలో పెట్టుకుని వుంటే, ఇస్త్రీ మడత చెదరకుండా వొచ్చి నిలబడినాడు.

"లూకా గారూ, మీ కుక్కకి గజ్జి. అంటురోగం. రేపు లైనంతా పాకుతాది. దాన్ని ఎక్కడైనా దూరంగా వొదిలేసి రండి" అన్నాడు.

కుక్క అక్కడే వున్నాది. పేరు గార్డు. లూకా ఎటు నడిచినా రైలు ఆఖరి పెట్టెలో గార్డులాగ వెనకాల వెనకాలే వొస్తాదని ఆ పేరు. అది కూడా సమయం సందర్భం చూసుకోవాలా వొద్దా? సరిగ్గా అప్పుడే కూలబడి, వెనక కాలెత్తి, తోక మొదట్లో గోక్కోవడం మొదలెట్టింది. ఆ కాలు పోయి నా బిందెకి తగిలి టంగు టంగుమని మోగుతున్నాది.

"గజ్జని ఎలగ తెలిసినాది బాబూ నీకు?" అన్నాడు లూకా.

"గోక్కుంటంది కదా! కనపడతల్లేదేటి?"

"గోక్కున్నోళ్లందరికీ గజ్జేనేటి?"

"మరేటి?"

"అలగైతే నిన్నెక్కడ వొదిలేసి రమ్మంటావు? నువ్వొచ్చిన కాడి నుంచీ సూస్తన్నాను, నీ సెయ్యి బెల్టు కిందనే ఉన్నాది."

లైనంతా ఒక్కసారి అటు చూసింది. నిజంగానే ఆ చెయ్యి అక్కడే వున్నాది. వానాకాలంలో ఖరగ్‌పూర్ ఉక్కకి నైలాను ప్యాంటు బిగించుకుంటే దేవుడికైనా దురదే. పాపం, మోహనకృష్ణ ఆ చెయ్యి తీసి, ఎవరిదో చెయ్యి తనకి తగిలించినట్టు గాల్లో పెట్టుకుని నిలబడినాడు.

"ఇది చెమటకాయ" అన్నాడు.

"మా గార్డుదీ సెమటకాయే. ఒకే డబ్బా పౌడరు కొనుక్కుని ఇద్దరూ రాసుకోండి."

పక్కన బెంగాలీ దీదీ ఒకావిడ ఏమైందని అడిగితే నేనే చెప్పినాను. ఆవిడ మా అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువ నవ్వినాది. మోహనకృష్ణ నీళ్లు పట్టుకోకుండానే వెళ్లిపోయినాడు.

తగువు గెలవడంలో ఒక చిక్కున్నాది. గెలిచినవాడు తన మాట నిజమని తానే నమ్మేస్తాడు. లూకాకి పుట్టుకతో వొచ్చిన జబ్బు అదే.

లూకా తండ్రి భీమిలి వైపు నుంచి వొచ్చి ఇక్కడ వర్క్‌షాపులో చేరినాడు. లూకా ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, వ్యాగన్ షాపులో రివెట్లు కొట్టి కొట్టి రిటైరైనాడు. ఆ మోతకి చెవులు సగం పోయినాయి. తనకి వినపడదు కాబట్టి లోకానికీ వినపడదని అరుస్తాడు. లూకా నీ చెవిలో రహస్యం చెప్తే ఊరి అవతల ఇందా పేట బస్టాండులో ఆటోవాళ్లు తలలు తిప్పుతారు. వాళ్ల గుడిలో పాటకి అందరికంటే ఒక చరణం వెనకాల వుంటాడట. పాస్టరుగారు ఆమేన్ అనేసి, లూకా కూడా అనేదాకా బైబిలు తిరగేస్తూ ఆగుతారట. ఆయన సహనానికి మొక్కాలి.

భార్య సరోజమ్మ బతికున్నంత కాలం లూకా ఇంట్లో ఓడిపోయేవాడు, బయట గెలిచేవాడు. లెక్క సమంగా వుండేది. ఆవిడ పోయినాక ఓడించే మనిషి లేక మరీ పెరిగిపోయినాడు. ఆ ఏడాదే ఖరిదా బజారు నుంచి చేపల సంచి వాసన పట్టుకుని గార్డు లూకా వెనకాల నడిచొచ్చింది. పొమ్మన్నా పోలేదు. ఎదురు మాటాడదు, మొరగదు, చెప్పిందంతా తలొంచుకుని వింటాది. లూకాకి ఇంకేటి కావాలి?

అలాగని ఇంట్లో ఓడించే మనిషి బొత్తిగా లేదని కాదు. కూతురు ఏంజలిన్ వున్నాది. స్టేషన్లో టిక్కెట్ల కౌంటరులో పని. క్వార్టరు దాని పేరు మీదే. అది గొంతు పెంచదు. రోజంతా అద్దం కన్నంలోంచి జనాన్ని చూసి చూసి, అరిచేవాడికి చిల్లర చేతిలో పెట్టి పంపించెయ్యడం దానికి అలవాటు.

దాని కూతురు జెనీ అప్పుడప్పుడే పాకుతున్నాది. చాప మీద పెడితే గార్డు గోనె మీదకి పాకేస్తాది. ఒకరోజు పాప పిక్కల మీద ఎర్రటి దద్దుర్లు. ఏంజలిన్ చీలమండల దగ్గరా అవే. నా కాళ్లకీ వున్నాయి గానీ, నావి దోమకాట్లు. ఆ మాటే అందరికీ చెప్పినాను కూడా.

"నాన్నా" అన్నాది ఏంజలిన్, "వొచ్చే నెల పాప పుట్టినరోజు ప్రార్థన. గుడి వాళ్లందరూ వొస్తారు. అప్పటికి ఈ కుక్క గోకుడు ఆగాలి. ఆగకపోతే ఖరిదాలో కర్రల డిపోవాడు కాపలాకి కుక్క కావాలన్నాడు, వాడికి ఇచ్చేస్తాను."

"అది గజ్జి కాదే అమ్మా!"

"ఏదైనా సరే. పాపని కుడుతున్నాది."

అంతే. లూకా నోరు తెరిచి మూసినాడు. వెనకాల గార్డు కూడా తెరిచి మూసింది, ఆవలింత.

రెండో రోజు మధ్యాహ్నం వాళ్ల వెనక వాకిట్లోంచి ఒక కంపు. పక్క క్వార్టరు నాదే, వెళ్లి చూస్తే లూకా ముందర డాల్డా డబ్బా, అందులో నల్లగా కాలిన ఇంజన్ ఆయిలు. కుంచెతో కుక్కకి పూస్తున్నాడు.

మా వర్క్‌షాపోళ్ల సంగతి మీకు తెలుసో తెలీదో. వీళ్లకి లోకంలో ఏ రోగానికైనా మందులు రెండే, సుత్తి లేకపోతే నూనె. తలుపు కిర్రుమంటే నూనె. మోకాలు పట్టేస్తే నూనె. కుక్కకి గజ్జొస్తే మిషనులోంచి తీసిన కాలిన నూనె. మా ఆయనా ఆ తెలివితేటలు వున్నవాడే, పెళ్లైన కొత్తలో నా సీకాయలో కూడా మిషను నూనె కలపబోయినాడు.

"ఏటిరా అది?" అన్నాను.

"మందప్పా." అప్పంటే మా వైపు అక్క; వరసకి నేను వాడికి అక్కని.

"కుళాయి కాడ గజ్జి కాదన్నావు. ఇప్పుడు గజ్జి మందు పూస్తన్నావేటి?"

"అది తగువు అప్పా. ఇది వైద్యం."

"సబ్బెట్టి తోముతున్నావు కదా రోజూ?"

"తోమినాను. బట్టల సబ్బుతో అరిసెయ్యి మంటెత్తేదాకా తోమినాను. తోమిన కొద్దీ ఎక్కువైనాది. దానికి సబ్బు సాలదు."

ఆ మనిషి దగ్గర వున్న తెలివంతా పూసేసినాడు. కుక్క కడిగిన డీజిల్ ఇంజన్‌లాగ నిగనిగలాడుతున్నాది. నాకు నచ్చలేదు గానీ లూకాతో వాదించడానికి గొంతు కావాలి, నాకు ఆ రోజు జలుబు.

కుక్క అన్నాక ఒళ్లు నాక్కోకుండా వుంటుందా? సాయంత్రం కాకుండానే నోట్లోంచి చొంగ కారింది, రెండుసార్లు కక్కింది. పూసిన చోటల్లా చర్మం కమిలిపోయి ఉడికిన బంగాళాదుంప తొక్కలాగ అయినాది. పడుకుని తల ఎత్తలేదు.

"సూసినావా అప్పా, గోకుడు ఆగింది" అన్నాడు లూకా.

అని, ఆ మాట తానే విని, కుక్క పక్కన చతికిలబడినాడు. గార్డూ, గార్డూ అని పిలిచినాడు. ఆ గొంతుకి వీధి చివర కుక్కలు లేచి నిలబడినాయి గానీ ఇది లేవలేదు.

ఏంజలిన్ డ్యూటీ నుంచి వొచ్చి చూసింది. పాపని అవతలి పొరుగింట్లో ఇచ్చి, ఆటో పిలిచి, పాత దుప్పట్లో కుక్కని చుట్టింది. ఆటోవాడు కంపుకి ముక్కు మూసుకుని, "దీదీ, ఇది కుక్కా, గ్రీజు డబ్బానా?" అన్నాడు. లూకా వాడితో తగువు పెట్టుకోలేదు. అప్పుడు నాకు భయమేసింది. నేను కూడా ఎక్కినాను.

ఇందాలో జంతువుల డాక్టరమ్మ వున్నాది. బెంగాలీ పిల్ల, సన్నగా, జుట్టు పెన్సిలుతో ముడేసుకుని వుంటాది. దుప్పటి విప్పి వాసన చూసి అడిగింది, ఏం పూసినారని. లూకా హిందీలో అరిచి చెప్పినాడు.

"నాకు వినపడుతుంది కాకా" అన్నాది, వాళ్ల భాషలో కాకా అంటే బాబాయి. చేతులకి తొడుగులేసుకుని, మెత్తని సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగింది. సూది వేసింది. కడుగుతూనే చెప్పింది, ఈ నూనె చర్మంలోంచి లోపలికి దిగుతుందట, నాకితే కడుపులోకి పోతుందట, కాలేయం పాడవుతుందట.

లూకా ఊరుకుంటాడా! "మా నాన్న కాలం నుంచీ మా వాళ్లందరూ ఇదే పూసినారు. కుక్కలు బతికినాయి" అన్నాడు.

"చచ్చిన కుక్కలు వొచ్చి మీకు చెప్పవు కదా కాకా" అన్నాది డాక్టరమ్మ.

బయట తగువులో లూకా ఓడిపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఆ పిల్లకి ఒక కొబ్బరికాయ కొట్టాలనిపించింది.

గార్డు బతికింది. నాలుగు రోజులకి గంజి తాగింది, తర్వాత రొట్టె తిన్నాది, ఆ తర్వాత లేచి కూచుని, అందరం ఆనందంగా చూస్తుండగా, గోక్కున్నాది.

పుట్టినరోజు దగ్గర పడుతున్నాది. మళ్లీ ఇందా. ఈసారి డాక్టరమ్మ బ్లేడుతో కొంచెం చర్మం గీకి, భూతద్దం మిషనులో చూసింది. గజ్జి పురుగు లేదన్నాది. లూకా నా వైపు తిరిగి, కుళాయి కాడ నాను సెప్పలేదా అన్నట్టు మీసం మీద చెయ్యేసినాడు. డాక్టరమ్మ ఆ చెయ్యి దిగేలోపు అడిగింది.

"ఎక్కువ ఎక్కడ కొరుక్కుంటుంది?"

"తోక మొదట్లో. తొడల వెనకాల" అన్నాది ఏంజలిన్.

డాక్టరమ్మ తెల్ల గుడ్డ తడిపి బల్ల మీద పరిచింది. పేల దువ్వెనతో కుక్క నడుము మీద దువ్వి, దువ్వెనని గుడ్డ మీద దులిపింది. నల్లటి రవ్వ రాలింది. మిరియప్పొడిలాగ వున్నాది. మట్టి అనుకున్నాను. చూస్తుండగానే ఒక్కొక్క రవ్వ చుట్టూ ఎరుపు ఊరింది.

"ఇది మట్టి కాదు. పేల పెంట. ఎర్రగా కనపడేది అవి తాగిన రక్తం."

"మా గార్డుకి పేలా!" లూకా అరుపుకి అవతల గదిలో మేక ఒకటి అరిచింది. "నాను రోజూ ఏళ్లెట్టి ఎతుకుతాను. ఒక్కటి దొరకలేదు!"

"ఇవి గెంతేవి కాకా. మీ వేలు వొచ్చేదాకా కూచోవు. మీ కుక్క ఒంటికి వాటి కాటు పడదు. వేరే కుక్కకి వొంటి నిండా వున్నా తోక ఊపుకుంటూ తిరుగుతుంది. దీన్ని ఒక్కటి కుట్టినా రోజుల తరబడి గోక్కుంటుంది. పేలు పోతే దురద పోతుంది. సబ్బు కాదు, నూనె కాదు."

మెడ వెనకాల, నాలుక అందని చోట వేసే చుక్కల మందు రాసిచ్చింది. గోకిన పుళ్లకి మాత్రలు. పుళ్లు కొరుక్కోకుండా మెడకి ఒక ప్లాస్టిక్ గొట్టం. అప్పుడు అడిగింది, "ఇంట్లో ఇంకే జంతువున్నాది?"

"ఏటీ లేదు" అన్నాడు లూకా.

"పెద్దమ్మ పిల్లి" అన్నాది ఏంజలిన్. ఆ పిల్ల నన్ను చూడకుండా గోడ మీద క్యాలెండరు చూస్తూ అన్నాది.

నా పిల్లి బంగారి. మధ్యాహ్నమంతా వాళ్ల వరండాలో గార్డు గోనె మీదే నిద్ర. అయితే? "మా బంగారి పొద్దస్తమానం నాక్కుంటూనే వుంటాది. ఇక్కడున్న మనుషులందరి కంటే శుభ్రం. ఒక్కనాడు గోక్కోలేదు" అన్నాను.

"అదే దీదీ. నాక్కుని పేలని మింగేస్తుంది, మీకు కనపడవు. మిగిలినవి గోనెలో దిగుతాయి. ఆ గోనె మీద పడుకున్నవాడు గోక్కుంటాడు."

అవతల మేక మళ్లీ అరిచింది. లూకా నావైపు చూసి పళ్లికిలించినాడు. వాడి జీవితంలో పెద్ద బహుమతి అందినట్టు.

"ఠీక్ హై! అయితే ఈ చుక్కల మందులోనే సగం కుక్కకి, సగం పిల్లికి" అన్నాడు.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడినాది. "వొద్దు! కుక్కకి వేసే మందుల్లో కొన్ని పిల్లిని చంపేస్తాయి. పిల్లిది పిల్లికే, బరువు చూసి ఇస్తాను. ఇద్దరికీ ఒకే రోజు వెయ్యండి. ఒకటి వేసి ఒకటి మానేస్తే నా దగ్గరికి మళ్లీ రావొద్దు."

ఆ రోజు నుంచి వాళ్ల క్వార్టరులో మిలిటరీ క్యాంపే. గార్డు గోనెలు, పాప చాప, దుప్పట్లు అన్నీ మరిగే నీళ్లలో పడినాయి, ఎండలో ఆరినాయి. పాత గచ్చు పగుళ్లలో గుడ్లుంటాయని డాక్టరమ్మ అంటే, లూకా వంగి వంగి మూలమూలా ఊడ్చినాడు. వ్యాగన్ షాపులో ఇంత శ్రద్ధగా పనిచేసుంటే ఫోర్‌మన్ అయ్యేవాడు. గార్డు మెడకి గొట్టంతో, మైకు పెట్టుకున్న పాటలబండిలాగ లైనంతా తిరిగింది. తలుపుల్లో ఇరుక్కునేది. బంగారి దాన్ని చూసి మూడు పూటలు అలిగి బియ్యం డబ్బా మీదెక్కి కూచుంది.

బంగారిని నేనే పట్టుకున్నాను, ఏంజలిన్ చుక్కలు వేసింది. లూకా వొస్తానంటే వొద్దన్నాను. వాడి గొంతుకి పిల్లికి గుండె ఆగిపోతాది.

గోకుడు ఒక్కసారిగా ఆగలేదు. రెండు రోజులు తగ్గేది, ఒక రోజు పెరిగేది. లూకా ప్రాణం ఆగదు. "మందు దొంగదప్పా" అనేవాడు. గచ్చులో గుడ్లు పొదిగి కొత్తవి పుడుతూనే వుంటాయి, నెలనెలా మందు వెయ్యాలి, ఊడవడం మానకూడదు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను గుర్తుచేస్తే, "రైల్వేలో ఇంత టైము తీసుకుంటే మెమో ఇస్తారు" అనేవాడు. అయినా చీపురు వొదల్లేదు. ప్రార్థన రోజు దగ్గరికొచ్చిన కొద్దీ అరవడం తగ్గించినాడు. వాకిట్లో గార్డు పక్కన కూచుని కర్రల డిపో వైపు పోయే రోడ్డు చూసేవాడు.

పుట్టినరోజు ముందు రోజు సాయంత్రం, ఏంజలిన్ తెల్ల రుమాలు తడిపి వరండాలో పరిచింది. పేల దువ్వెన పట్టుకుంది. పాప నా ఒళ్లో. గార్డు మెడ గొట్టం తీసేసి రెండు రోజులైనాది, తోక మొదట్లో మెత్తగా కొత్త వెంట్రుకలు వొస్తున్నాయి.

"ఎర్రబడితే రేపు పొద్దున్నే డిపోవాడికి కబురు పంపుతాను నాన్నా. నన్ను తిట్టుకోవద్దు."

దువ్వింది. దులిపింది. నాలుగైదు నల్లటి రవ్వలు రాలినాయి. అందరం వొంగినాం. పాప నా కళ్లజోడు లాగింది.

అప్పుడు ఒక సంగతి చూసినాను. లూకా రుమాలు వైపు చూడ్డంలేదు. నా మొహం వైపు, కూతురి మొహం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

రవ్వలు నల్లగానే వుండిపోయినాయి. ఏంజలిన్ వేలితో నలిపి చూసింది. "మట్టే" అన్నాది. మళ్లీ ఇంకోచోట దువ్వింది, తొడ వెనకాల దువ్వింది. మట్టే.

"సరే, వుండనీ" అన్నాది లేస్తూ. "కానీ నాన్నా, వారం వారం దువ్వి చూడాలి. నాకు డ్యూటీలు, నువ్వే చూడాలి. మళ్లీ పాపని కుట్టిందో, నేను ఇంక అడగను." పాపని తీసుకుని లోపలికి పోయినాది.

లూకా గార్డు వీపు మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాడు. వీడిప్పుడు లైనంతా వినపడేలా అరుస్తాడు, డాక్టరమ్మకంటే తనే బాగా చేసినానంటాడు అనుకుని, చెవులు మూసుకోడానికి సిద్ధంగా వున్నాను.

"అప్పా" అన్నాడు. అంత చిన్న గొంతు ఆ మనిషిలో వున్నాదని నాకు తెలీదు. "నాకు కంట్లో పొరొచ్చినాది. ఎరుపూ నలుపూ ఒక్కలాగే అగుపిస్తన్నాయి."

"ఎన్నాళ్లైందిరా?"

"అదడక్కు. ఆపరేషను సేయించుకుంటాను. ఆలోగా ఒక పని సెయ్యి. ఆదోరం గుడి నుంచొచ్చి నాను దువ్వుతాను. గుడ్డ నువ్వు సూడు. ఎర్రగుంటే ఎర్రగుందనే సెప్పు, నా మొగం సూసి నల్లగుందని సెప్పకు. నాను మట్టేనని తగువాడతాను అప్పా, నా సంగతి నీకెరికే కదా. ఎంత అరిసినా సరే, నువ్వు మాత్రం మాట మార్సకు."